పులిహోర గిన్నె పక్కన పిస్టల్ పెట్టె

పోయిన వేసవికి కాస్త ముందు, ఒక ఆదివారం పొద్దున్నే మా రెండు కుటుంబాలూ ఒకే వ్యానులో పెన్సిల్వేనియాలోని ఎక్స్‌టన్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు బయలుదేరాం. మా ఆవిడ పిన్ని కొడుకు ఇల్లు కొనుక్కున్నాడు. పదిన్నరకు ముహూర్తం. పాలు పొంగే వేళకు అందరూ ఉండాలని వారం ముందు నుంచే ఫోన్లు వస్తున్నాయి. బండి నేను నడుపుతున్నాను. పక్క సీట్లో మా తోడల్లుడు, వెనక అక్కచెల్లెళ్ళిద్దరూ, పిల్లలు ముగ్గురూ. ఆ వెనక పులిహోర గిన్నె, చీరల సంచి, పూలబుట్ట.

విల్లో గ్రోవ్ దాటాక అతను మాటల మధ్యలో అన్నాడు: "అన్నయ్యా, తిరిగి వచ్చేటప్పుడు ఒక గంట రేంజికి వెళ్దామా? పెట్టె వెనక పెట్టాను."

రేంజి అంటే తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు. ఏ పెట్టె అని అడగాల్సిన పని లేదు. అంతకు రెండు నెలల ముందే అతను పిస్టల్ కొన్నాడు. వాళ్ళ వీధిలో మనవాళ్ళ ఇళ్ళు రెండింటిలో దొంగలు పడ్డారు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని వాళ్ళకు తెలుసు, పెళ్ళిళ్ళ రోజుల్లో ఇల్లు ఖాళీగా ఉంటుందనీ తెలుసు. మా మరదలు మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. అతను తుపాకీ కొన్న పరిస్థితి అది. నేను ఒప్పుకోలేదు, కాదని వాదించనూ లేదు.

"తాళం వేశాను అన్నయ్యా. తూటాలు విడిగా ఉన్నాయి. అంతా చట్టం ప్రకారమే ఉంది" అన్నాడు.

"ఏ రాష్ట్రం చట్టం?"

అతను జవాబు చెప్పలేదు. నాకూ పూర్తిగా తెలియదు. న్యూజెర్సీలో తుపాకీ చట్టాలు వేరు అని మాత్రం తెలుసు, ఆఫీసులో ఎవరో చెప్పగా విన్నది. డెలావేర్ నది మీది వంతెన ఇంకో పావుగంట దూరంలో ఉంది. బ్రిస్టల్ దగ్గర నదికి ముందు చివరి ఎగ్జిట్ వచ్చింది. నేను దిగిపోయాను. ఒక పెట్రోలు బంకు పక్కన బండి ఆపి ఇద్దరం ఫోనులో చదవడం మొదలుపెట్టాం. పది నిమిషాల్లో అతని ముఖం పాలిపోయింది. ఆ పెట్టెను ఎవరింట్లోనైనా వదిలి వెళ్దామన్నా కుదరదు. పెన్సిల్వేనియాలో పిస్టల్ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారాలంటే లైసెన్సున్న డీలరో, షెరీఫ్ అనే కౌంటీ అధికారో మధ్యలో ఉండాలి. బండి వెనక్కి తిప్పాం. ఇంటికి వెళ్ళి పెట్టె దించి మళ్ళీ బయలుదేరి ఎడిసన్ చేరేసరికి భోజనాలు సగమయ్యాయి. ఆలస్యానికి కారణం మా ఆవిడ ఎవరికీ చెప్పలేదు. దారి పొడుగునా ఆమె నాతో కూడా మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. నాకు తుపాకీ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అయినా కొన్ని నెలలుగా చట్టాలూ తీర్పులూ చదువుతూనే ఉన్నాను. చదివిన కొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. అది నా స్నేహితుల్లో చాలామందికి నచ్చదని తెలిసే రాస్తున్నాను.

మూత, తాళం, దారి

వెంట పెట్టుకు తిరిగే లైసెన్సు లేని మనిషి పిస్టల్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా తీసుకెళ్ళాలి? వినడానికి చిన్న ప్రశ్న. కొన్న దుకాణం నుంచి ఇంటికి తెచ్చుకోవాలి, రేంజికి తీసుకెళ్ళాలి, బాగుచేయించుకోవాలి, ఇల్లు మారాలి. తుపాకీ ఉన్న ప్రతివాడికీ ఈ అవసరం వస్తుంది.

పెన్సిల్వేనియాలో పిస్టల్ కొని ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. కారులో పెట్టుకు తిరగాలంటే కావాలి. లైసెన్సు లేకపోతే చట్టం కొన్ని ప్రయాణాలను మినహాయిస్తుంది. రేంజికి పోయి రావచ్చు, తుపాకీలో తూటా ఉండకూడదు. కొన్న చోటి నుంచి ఇంటికి, మరమ్మతుకు, ఇల్లు మారేటప్పుడు తీసుకెళ్ళవచ్చు. అప్పుడు తూటాలు తీసేసి, భద్రంగా చుట్టి ఉంచాలి. ఈ జాబితాలో లేని ప్రయాణం చేస్తే పెట్టెకు ఎంత గట్టి తాళం వేసినా తప్పే. గృహప్రవేశం ఆ జాబితాలో లేదు. అంటే ఆ ఆదివారం నది దాటకముందే, మా సొంత రాష్ట్రంలోనే, మేం చట్టం అంచు మీద ఉన్నాం. అతను రేంజికి "వెళుతున్నాడా", విందుకు వెళ్ళి ఆ తర్వాత రేంజికి వెళ్ళాలనుకుంటున్నాడా అన్న తేడా మీద ఒక మనిషి భవిష్యత్తు ఆధారపడి ఉంది.

న్యూజెర్సీ ఇంకా బిగువు. అక్కడ పిస్టల్ దగ్గర ఉండటమే నేరం అన్న చోట చట్టం మొదలవుతుంది, ఆ పైన మినహాయింపులు ఇస్తుంది. తూటాలు లేకుండా, మూసి బిగించిన పెట్టెలో గానీ, గట్టిగా కట్టిన మూటలో గానీ, తాళం వేసిన డిక్కీలో గానీ ఉండాలి. అదీ చట్టం చెప్పిన చోట్లకే వెళుతుండాలి. దారిలో పక్కకు తిరిగితే అది ఆ పరిస్థితుల్లో సహేతుకంగా అవసరమైనదై ఉండాలి. కాఫీకి ఆగడం అవసరమా? అత్తగారిని చూసి పోవడం అవసరమా? చెప్పేది జడ్జి, అదీ అరెస్టయ్యాక.

ఇక ఒక రాష్ట్రానికీ ఇంకో రాష్ట్రానికీ పొంతన లేదు. వర్జీనియాలో సొంత కారు డ్యాష్‌బోర్డు అరలో మూసి ఉంచితే లైసెన్సు లేకపోయినా పరవాలేదు. అదే అరను కాలిఫోర్నియా తాళం వేసిన పెట్టెగా ఒప్పుకోదు, డిక్కీలోనో విడి పెట్టెలోనో తాళం వేయాల్సిందే. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి, చట్టం అనర్హుడని చెప్పని మనిషికి ఈ ప్రశ్నే లేదు.

ఈ గందరగోళం తెలిసే అమెరికా కాంగ్రెస్ 1986లో ఒక దారి చూపింది. నువ్వు బయలుదేరిన చోటా, చేరే చోటా తుపాకీ ఉంచుకోవడానికీ వెంట తీసుకెళ్ళడానికీ నీకు చట్టబద్ధమైన హక్కుంటే, మధ్యలో ఏ రాష్ట్రం నిన్ను పట్టుకోకూడదు. షరతు ఏమిటంటే తుపాకీలో తూటాలు ఉండకూడదు, తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్న చోటి నుంచి చేతికి అందకూడదు. మా వ్యాను లాంటి విడి డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, డ్యాష్‌బోర్డు అర లెక్కలోకి రాదు. మంచి చట్టమే. మా తోడల్లుడు పెట్టె విషయంలో ఒక్క తప్పూ చేయలేదు. అయినా ఈ చట్టం అతన్ని కాపాడేది కాదు, ఎందుకంటే అతను న్యూజెర్సీ మీదుగా వెళ్ళడం లేదు, న్యూజెర్సీకే వెళుతున్నాడు. బంధువుల ఇంట్లో పిస్టల్ ఉంచుకునే హక్కు అక్కడ అతనికి లేదు.

ఒక రాత్రి హోటల్లో

నా అభిప్రాయాన్ని గట్టిపరిచిన కేసు 2005 నాటిది. యూటాకు చెందిన ఒకాయన పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌కు బయలుదేరాడు. పిస్టల్‌ను తాళం వేసిన పెట్టెలో, తూటాలను ఇంకో పెట్టెలో పెట్టి, విమానం సంస్థకు ముందే చెప్పి సామానులో వేశాడు. రెండు చోట్లా అతనికి హక్కుంది. న్యూజెర్సీలోని నెవార్క్‌లో ప్రయాణం తెగింది, ముందుకు పోయే అవకాశం తప్పిపోయింది. సామాను చేతికి వచ్చింది. అతను ఆ రాత్రి విమానాశ్రయం దగ్గర హోటల్లో పడుకున్నాడు. పొద్దున్నే వచ్చి మళ్ళీ తనంతట తానే పిస్టల్ సంగతి చెప్పాడు. అరెస్టు చేశారు. కొన్ని రోజులు జైల్లో ఉన్నాడు. తర్వాత కేసు ఎత్తేశారు. అతను నష్టపరిహారానికి దావా వేస్తే 2010లో థర్డ్ సర్క్యూట్ అనే కేంద్ర అప్పీలు కోర్టు కొట్టేసింది. హోటల్ గదిలో ఆ రాత్రంతా పెట్టె అతని చేతికి అందే చోటే ఉంది కాబట్టి 1986 చట్టం వర్తించదని తీర్పు. మరి అతను ఏం చేసి ఉండాల్సింది? సామాను చేతికి తీసుకోకముందే విమానాశ్రయం సిబ్బందినో పోలీసులనో కలవాల్సింది అని కోర్టు సూచించింది. సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు.

ఈ తీర్పు నాలుగైదు సార్లు చదివాను. జడ్జీలు దుర్మార్గులేమీ కాదు, చట్టంలోని మాటలకు కట్టుబడ్డారు. కానీ ఆ హోటల్ గదిని ఊహించుకుంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ మనిషి ఏ పని చేయకపోతే మనమంతా తప్పుపడతామో అవన్నీ చేశాడు. తూటాలు తీశాడు, విడిగా పెట్టాడు, తాళాలు వేశాడు, అడక్కుండానే రెండు సార్లు చెప్పాడు. అతను చేసిన నేరం పడుకోవడం.

అదే న్యూజెర్సీలో కొలరాడో నుంచి మారిన ఒక యువకుడి కారు డిక్కీలో పిస్టళ్ళు దొరికాయి, తూటాలు లేకుండా. కొడుకు మనసు బాగాలేదని కంగారుపడిన తల్లి చేసిన ఫోనుతో మొదలైంది అంతా. ఇల్లు మారుతున్నానన్నాడు. ఆ మినహాయింపు సంగతి జ్యూరీ అడిగినా జడ్జి వాళ్ళ ముందు పెట్టలేదు. 2010లో ఏడేళ్ళ శిక్ష పడింది. ఆ డిసెంబరులో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ శిక్ష తగ్గించి విడిచిపెట్టాడు.

న్యూయార్క్ నగరం సంగతి ఇంకా విచిత్రం. ఇంట్లో పిస్టల్ ఉంచుకోవడానికి లైసెన్సు ఇచ్చిన నగరమే దాన్ని నగరం హద్దులోని ఏడు రేంజీలకు తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళకూడదంది. తాళం వేసినా, తూటాలు విడిగా ఉన్నా, ఊరి బయట ఉన్న సొంత రెండో ఇంటికి కూడా కుదరదు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. నగరం ప్రజల భద్రత కోసమే అని వాదించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోగానే ఆ వేసవిలోనే నిబంధన మార్చేసింది. వాదనల రోజు జస్టిస్ అలిటో నగరం తరఫు న్యాయవాదిని సూటిగా అడిగారు: ఈ మార్పు వల్ల నగరవాసుల భద్రత తగ్గిందా? లేదనుకుంటున్నాను అని ఆయన జవాబు. నిబంధన మారిపోయింది కాబట్టి తేల్చడానికేమీ మిగల్లేదని 2020 ఏప్రిల్‌లో కోర్టు కేసు ముగించింది.

ఆ జవాబు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఏళ్ళ తరబడి మనుషులను కట్టడి చేసిన నిబంధన తీసేస్తే భద్రతకు ఏమీ కాలేదు. ఎందుకంటే భద్రత ఉన్నది తాళంలో. ఎటు వెళుతున్నాడన్న దాంట్లో కాదు.

నా వాదన ఇంతే. లైసెన్సు లేని మనిషి ప్రయాణాన్ని తూచేటప్పుడు చట్టం తుపాకీ ఏ స్థితిలో ఉందో చూడాలి. తూటాలు తీశాడా? తాళం వేశాడా? చేతికి అందకుండా ఉందా? ఈ మూడూ సరిగా ఉంటే అతను ఎడిసన్ వెళుతున్నాడా, రేంజికి వెళుతున్నాడా, దారిలో టీ తాగాడా, పడుకున్నాడా అని అడగకూడదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఏ సాకూ వినకూడదు. దేశమంతటికీ ఒకటే నియమం ఉండాలి.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న

ఇంత తేలిగ్గా తేలిపోతే ఇన్ని నెలలు పట్టేది కాదు.

ఆ ఆదివారం రాత్రి మా పెద్దమ్మాయి నా గదిలోకి వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. కిండర్‌గార్టెన్ నుంచి బడిలో లైట్లు తీసేసి, తలుపు వేసి, గోడ మూలకు చప్పుడు చేయకుండా కూర్చునే అభ్యాసం చేస్తూ పెరిగిన పిల్ల. "నాన్నా, అది నా సీటు వెనకే ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. తాళం వేసి ఉందని, తూటాలు విడిగా ఉన్నాయని చెప్పాను. "నాకు ఎవరూ చెప్పలేదు కదా" అంది. అంతే, వెళ్ళిపోయింది.

నా మూడు షరతుల్లో ఆ పిల్లకు జవాబు లేదు. బండిలో ఉన్నవాళ్ళకు చెప్పాలన్న నియమం ఏ రాష్ట్రంలోనూ నాకు కనబడలేదు, నాకూ అప్పటి దాకా తోచలేదు. ఇప్పుడు నా వాదనకు దాన్ని నాలుగో షరతుగా చేర్చాను. చట్టంలో పెట్టడం కుదరకపోవచ్చు. మర్యాదలో పెట్టుకోవచ్చు. మన బండి ఎక్కేవాళ్ళకు, మన ఇంటికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు తుపాకీ ఉన్న సంగతి చెప్పాలి.

రెండో అభ్యంతరం మా ఆవిడది. ఆమె సూటిగా మాట్లాడుతుంది. "దొంగ సరుకు మోసేవాడు కూడా తాళం వేసుకునే వెళతాడు" అంది. కాదనలేను. దక్షిణాది రాష్ట్రాల్లో సులువుగా దొరికే పిస్టళ్ళు ఐ-95 రహదారి వెంట న్యూయార్క్‌కు చేరతాయి, ఆ దారికి ఇనుప గొట్టపు దారి అనే పేరే పడింది. న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ పోలీసులు పట్టుకున్న తుపాకుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవే. న్యూజెర్సీ అంత బిగువుగా ఉండటానికి కారణం మొండితనం కాదు. నదికి అవతల చట్టం వదులుగా ఉంటే ఇవతల వాళ్ళ పిల్లలు చనిపోతారు.

దీనికి నా దగ్గరున్న జవాబు పూర్తి జవాబు కాదు, అయినా చెబుతాను. అక్రమంగా మోసేవాడి నేరం మోయడం కాదు, అమ్మడం. తనకు కొనే హక్కు లేని మనిషి కోసం ఇంకొకడు కొనిపెట్టడం, తుపాకులు రవాణా చేసి అమ్మడం 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర చట్టంతో నేరుగా నేరాలయ్యాయి. ఆ చట్టాన్ని గట్టిగా వాడాలి. పది పిస్టళ్ళు, పది పేర్లు, రాత్రిళ్ళు బేరాలు ఉన్నవాడిని పట్టుకోవడానికి గృహప్రవేశానికి పోతున్న ఒకే పెట్టె మనిషిని నేరస్థుణ్ణి చేయనక్కర్లేదు. కానీ రోడ్డు పక్కన ఆపిన పోలీసుకు ఆ క్షణంలో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. అది నాకు తెలుసు.

మూడోది దొంగతనాలు. కారులో వదిలిన తుపాకీ దొంగ చేతికి పోతే తాళం ఉన్న పెట్టెతో సహా పోతుంది. ఇక్కడ నేను ఇంకా కఠినంగా ఉండాలంటాను. కొలరాడో 2025 జనవరి 1 నుంచి, మనిషి లేని కారులో పిస్టల్ ఉంచితే గట్టి పెట్టెలో తాళం వేయాలని, అది బయటికి కనబడకూడదని, కారుకూ తాళం ఉండాలని చట్టం తెచ్చింది. అది సరిపోదు, పెట్టెను బండికి తీగతో బిగించాలి. రాత్రంతా వీధిలో వదలకూడదు. ఈ మాట అంటున్నప్పుడు నెవార్క్ హోటల్ కేసు మళ్ళీ గుర్తొస్తుంది. రాత్రిపూట పిస్టల్ పెట్టె కారులో కంటే మనిషి దగ్గర, గదిలో ఉండటమే నయం. తీర్పు అందుకు సరిగ్గా ఎదురుగా ఉంది.

నా వాదన కాపాడలేని మనిషి కూడా ఒకరున్నారు. 2013లో ఫిలడెల్ఫియా నుంచి ఒక తల్లి న్యూజెర్సీలోకి వెళ్ళింది. ఇద్దరు చిన్నపిల్లలు ఆమెకు. పెన్సిల్వేనియా లైసెన్సు ఉంది. ట్రాఫిక్ పోలీసు ఆపితే తన దగ్గర పిస్టల్ ఉందని తానే చెప్పింది. న్యూజెర్సీ మరే రాష్ట్రం లైసెన్సునూ గుర్తించదు. కనీసం మూడున్నరేళ్ళ జైలు తప్పదన్న పరిస్థితి వచ్చింది. చివరికి జైలు తప్పింది, 2015లో గవర్నర్ క్షమాభిక్ష పెట్టాడు. ఆమె పిస్టల్ సంచిలో ఉంది, తూటాలతో. నా నియమం ప్రకారం ఆమె తప్పు చేసినట్టే. ఆమె కథ చదివితే గొంతు పట్టుకుంటుంది, అయినా నియమం మార్చుకోలేకపోతున్నాను. పిల్లలున్న చోట తూటాలున్న పిస్టల్ సంచిలో ఉండకూడదు. శిక్ష మూడున్నరేళ్ళు కానక్కర్లేదు, అంతే.

ఇంకో వైపు టెక్సాస్ లాంటి రాష్ట్రాలు చేసింది చూసినా నాకు ధైర్యం రాదు. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీ ద్వారాల దగ్గర చేతి సంచుల్లో 6,737 తుపాకులు దొరికాయి, వాటిలో దాదాపు 93 శాతం తూటాలతో ఉన్నవే. మనవాళ్ళు వేల సంఖ్యలో దిగే డాలస్ విమానాశ్రయంలోనే 378. పట్టుబడ్డవాళ్ళు సాధారణంగా చెప్పే మాట "మరిచిపోయాను" అని. నమ్ముతాను. ఎప్పుడూ ఒంటి మీదే ఉండే వస్తువునే మనిషి మరిచిపోతాడు. ప్రతిసారీ తూటాలు తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకునేవాడు మరిచిపోలేడు.

మనకు పడే అసలు దెబ్బ

ఇది చదువుతున్నవాళ్ళలో సగం మందికి పైన రాసినదాంతో పని లేదు, ఎందుకంటే వాళ్ళు అసలు తుపాకీ ముట్టుకోకూడదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు, ఎఫ్-1 మీద చదువుకునే పిల్లలు చట్టం దృష్టిలో తాత్కాలికంగా వచ్చినవాళ్ళు. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప వాళ్ళ దగ్గర తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ ఉండటం కేంద్ర నేరం. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చినా సరే. వీసా పోయిన ఒక విద్యార్థి ఫ్లోరిడాలో రేంజికి వెళ్ళి కాల్చిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన స్థితి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు చెప్పింది. ఆ మేరకు ఊరట. కానీ అది తేలే లోపు అతను జైలు చూశాడు. శని ఆదివారాల్లో స్నేహితులతో సరదాగా రేంజికి వెళ్ళి ఫోటోలు పెట్టే పిల్లల్ని చూస్తే నాకు భయం వేస్తుంది.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కొనవచ్చు. మా తోడల్లుడు ఆ కోవలోవాడు. అయితే తుపాకీ నేరం రుజువైతే వలస చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ణి దేశం నుంచి పంపేయవచ్చు. చిన్న నేరమా పెద్ద నేరమా అన్న విచక్షణ అక్కడ లేదు. గవర్నర్ క్షమాభిక్ష పెడితే కొన్ని నేరాలకు ఆ ప్రమాదం తొలగుతుంది, తుపాకీ నేరం ఆ కొన్నింటిలో లేదు. కొలరాడో యువకుడూ, ఫిలడెల్ఫియా తల్లీ చివరికి తమ ఇళ్ళకు చేరారు. అలాంటి కేసులో దోషిగా తేలితే మా తోడల్లుడు హైదరాబాద్ విమానం ఎక్కాల్సి వచ్చేది, పిల్లవాడు ఇక్కడి బడిలో ఉండగా. బ్రిస్టల్ బంకు దగ్గర అతని ముఖం పాలిపోయింది ఈ ముక్క చదివినప్పుడే.

ఇక్కడి నుంచి ఊరికి వెళ్ళేటప్పుడు కూడా ఇదే గండం ఉంది. రేంజికి తీసుకెళ్ళిన సంచి అడుగున ఒక తూటా ఉండిపోతుంది, అదే సంచితో ఇండియా వెళతారు, తిరుగు ప్రయాణంలో ఢిల్లీలోనో శంషాబాద్‌లోనో ఎక్స్‌రేలో కనబడుతుంది. ఆయుధాల చట్టం కింద కేసు. సంచిలో తూటా ఉన్నట్టు తెలిసి ఉంచుకున్నాడా అన్నది చూడాలని 1972లోనే మన సుప్రీంకోర్టు చెప్పింది, ఆ దారిలో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ఎఫ్‌ఐఆర్‌లు చాలా కొట్టేసింది. ఆ లోపు టిక్కెట్టు పోతుంది, ఉద్యోగం కదులుతుంది. రేంజి సంచి రేంజికే ఉంచండి, దానిలో బట్టలు పెట్టకండి.

తాత కట్టిన మూట

పత్తికొండ దగ్గర మా పల్లెలో తాతకు రెండు గొట్టాల తుపాకీ ఉండేది. వేరుశనగ చేలో అడవిపందులు పడేవి, అందుకు తీసుకున్న లైసెన్సు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఒకసారి నన్నూ బస్సులో తీసుకెళ్ళాడు. ముందురోజు రాత్రే గొట్టాలు విడదీసి నూనెగుడ్డతో తుడిచాడు. పాత పంచెలో చుట్టి, దాని మీద గోనెపట్టా చుట్టి, పురికొసతో మూడు చోట్ల ముడులు వేశాడు. ఆ ముడులు విప్పాలంటే కత్తి కావాలి. లైసెన్సు పుస్తకం ప్లాస్టిక్ కాగితంలో, చొక్కా లోపల జేబులో. మూటను బస్సులో పైన సామాన్ల కమ్మీల మీద పెట్టాడు. తూటాలు చిన్న గుడ్డసంచిలో నడుముకు కట్టుకున్నాడు. రెండూ ఒకే మూటలో ఎందుకు కట్టలేదని అడిగాను. "రెండూ ఒక చోట ఉంటేనే అది తుపాకీ. విడిగా ఉంటే ఇనుము" అన్నాడు.

న్యూజెర్సీ చట్టంలో "గట్టిగా కట్టిన మూట" అన్న మాట చదివినప్పుడు ఆ పురికొస ముడులే కళ్ళ ముందు కనబడ్డాయి. ఆ బస్సు దారిలో పావుగంట ఆగింది. తాత దిగి టీ తాగాడు, నాకు బన్ను కొనిపెట్టాడు. అతన్ని ఎవరూ నేరస్థుడనుకోలేదు, అనుకునే అవసరమూ లేదు.

మా తోడల్లుడికి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చింది. పోయిన నెల ఇల్లు మారారు. ముందే మా ఇంటికి వచ్చి మ్యాపు పరిచి కూర్చున్నాడు. పెన్సిల్వేనియాలో ఇల్లు మారడం మినహాయింపుల్లో ఉంది. వెస్ట్ వర్జీనియా, వర్జీనియా, టెన్నెసీ, ఆర్కన్సా ఇబ్బంది లేదు. మధ్యలో ఐ-81 మీద మేరీలాండ్ 12 మైళ్ళు తగులుతుంది, అక్కడి చట్టం న్యూజెర్సీ చట్టానికి దగ్గరగా ఉంటుంది. కాంగ్రెస్ చట్టం కాపాడుతుంది, కానీ ఆగకపోతేనే మేలు. పెట్టెకు రెండు తాళాలు వేశాడు, సీటు కాలికి ఇనుప తీగతో బిగించాడు. వెళ్ళే ముందు పిల్లవాడికి ఆ పెట్టె ఏమిటో చెప్పాడు. మా అమ్మాయికి కూడా, తానే పిలిచి, ఆ రోజు చెప్పనందుకు తప్పయిందని చెప్పాడు.

మధ్యాహ్నం, మేరీలాండ్ హద్దుకు ముందున్న చేంబర్స్‌బర్గ్ నుంచి ఫోను చేశాడు. పెట్రోలు నింపుకున్నారట, పిల్లవాణ్ణి బాత్రూముకు పంపించారట, మా మరదలు పెరుగన్నం డబ్బాలు ఇప్పుడు తెరవొద్దని చెప్పిందట. అరగంట తర్వాత మళ్ళీ ఫోను మోగింది.

"వెస్ట్ వర్జీనియాలోకి వచ్చేశాం అన్నయ్యా. ఇప్పుడు ఆగి తింటాం."